మూలశంక

లియాండర్ పెంటన్ నడిసముద్రంలో ఎవరికో దండాలు పెడతాడని మా ఫోగో దీవిలో ఎప్పట్నించో ఒక పుకారు. ఒక్కడే బోటేసుకుని ఉత్తరంగా పోతాడట. ఊరి కొండ చుక్కంత అయ్యాక ఇంజను ఆపి కూచుంటాడట. లేచి నిలబడతాడట. మళ్ళీ కూచుంటాడట. మళ్ళీ లేస్తాడట. అలా కాసేపు గుంజీలు తీసి అప్పుడు గాలం వేస్తాడట. గాలం నీళ్ళు తాకకముందే చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తూ ఉంటాయట. ప్రపంచం అంచున కాపలావాడొకడు ఉన్నాడనీ, ఆ దండాలు వాడికేననీ కొందరు. కాపలావాడు కాదు సైతానేననీ, చేపకింత చొప్పున ఆత్మను ముక్కలు చేసి అమ్ముకుంటున్నాడనీ ఇంకొందరు. చూసినవాళ్ళని చూసినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. చూసినవాడు మాత్రం ఒక్కడే, ఆంబ్రోస్ ఫోలీ. దుర్భిణిలో కళ్ళారా చూశానంటాడు. అదే దుర్భిణిలో ఆయన అంతకుముందు ఏడాది జలకన్యని కూడా చూశాడు, అదీ తల దువ్వుకుంటుండగా.

అంచు అనగానే మా ఊరివాళ్ళు నవ్వేసి ఊరుకోకపోవడానికి కారణం ఉంది. ఊరి చివర గంధకం కొండ ఉంది కదా. ప్రపంచం బల్లపరుపుగా ఉంటుందనీ, దానికి నాలుగు మూలలున్నాయనీ, అందులో ఒక మూల మా కొండేననీ చెప్పుకుంటారు. మిగతా మూడూ ఎక్కడున్నాయో మాకనవసరం. వేసవిలో బయటి ఊళ్ళనుంచి వచ్చిన జనం ఆ కొండెక్కి, అంచున నిలబడి కిందికి తొంగిచూసి, పడిపోతామేమోనని ఒకరి చెయ్యొకరు పట్టుకుని, కిందికొచ్చి టీ తాగి పోతారు. మాకది వేళాకోళం. లియాండర్‌కి మాత్రం కాదు. భూమి బల్లపరుపేనని బైబిలు మీద ఒట్టేసి వాదించే మనిషి దీవి మొత్తానికి ఆయనొక్కడే.

పెంటన్ల వంశంలో ఎత్తు పెరిగినవాడు లేడు. నలుగురు పెంటన్లు ఒకడి మీద ఒకడు నిలబడితేగానీ చర్చి గంట తాడు అందదని మా పెద్దవాళ్ళనేవాళ్ళు. లియాండర్ పెళ్ళిలో ఉప్పుచేపల పీపా ఎక్కి పెళ్ళికూతురికి ముద్దు పెట్టాడు. హెస్టర్ అంత పొడుగు. అప్పుడా పీపా మూత విరిగి లోపలికి దిగబడిపోతే, కొత్త పెళ్ళికూతురు కాలర్ పట్టుకుని బయటికి లాగి, మిగతా ముద్దు తనే పెట్టిందట. కాపురం అప్పట్నించీ అదే పద్ధతిలో నడుస్తోంది. ఆయన దిగబడతాడు, ఆవిడ లాగుతుంది.

చేప విషయంలో మాత్రం ఎవరూ ఆయన్ని లాగాల్సిన పని పడలేదు. మా దగ్గర చేప అంటే కాడ్ చేపే, మిగతావాటికి పేర్లుంటాయి. ఎవరికీ చేప పడని రోజున కూడా లియాండర్ బోటు అంచులదాకా నీళ్ళలో దిగి వచ్చేది. ఆయనకొక దిబ్బ ఉంది. నీటి అడుగున ఎత్తుగా ఉండే రాతి దిబ్బ, తండ్రి చెప్పి పోయింది. అది ఉత్తరాన ఉందని ఊరందరికీ తెలుసు. ఎంత దూరమో తెలీదు. ఉత్తరాన సముద్రానికేం కరువు? ఊరిని ఆనుకుని ఉన్న దిబ్బలైతే ఎవరికైనా తెలుస్తాయి. చర్చి వెనక ఫలానా రాయి కనబడాలి, ఫలానా దీవి పక్కన ఇంకో దీవి తొంగిచూడాలి, ఆ రెండూ కలిసినచోట గాలం. లియాండర్ దిబ్బ దగ్గరికి పోయేసరికి చర్చీ ఉండదు, రాళ్ళూ ఉండవు, దీవులన్నీ మునిగిపోతాయి. గంధకం కొండ నెత్తి ఒక్కటే మిగులుతుంది. ఒక్క గుర్తుతో దూరం ఎట్లా తెలుస్తుంది?

తెలుస్తుంది. బోట్లో కూచుంటే కొండ పూర్తిగా మునగాలి. లేచి నిలబడితే టోపీ అంత పైకి తేలాలి. కూచుంటే లేదు, లేస్తే ఉంది. అదే దిబ్బ. గుంజీల గుట్టు ఇంతే. ఇంకాస్త ముందుకు పోతే నిలబడ్డా కనబడదు, వెనక్కొస్తే కూచున్నా కనబడుతుంది. పెంటన్లు ఆ కొలతని బుర్రలో కాదు, ఒంట్లో దాచుకున్నారు.

మరి భూమి గుండ్రంగా ఉండబట్టే కదా ఈ మునగడం తేలడం! ఆ సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ కుర్రతనంలో ఒకరోజు కొట్లో అందరూ ఉండగా ఆంబ్రోస్ పట్టుకున్నాడు.

"ఏరా లియాండర్, కొండ ఎంత మునిగేదాకా పోతావురా?"

లియాండర్ ఇరుకున పడ్డాడు. అవునన్నా చిక్కే, కాదన్నా చిక్కే. నోటికొచ్చింది అనేశాడు.

"కొండ మునగడమేంట్రా? భూమి బల్లపరుపు. బల్ల మీద పెట్టిన కప్పు మునుగుతుందా?"

"మరి కనబడకుండా పోతోందే?"

"నీకు చూపు ఆనట్లేదు. డాక్టరుకి చూపించుకో."

కొట్లో అంతా నవ్వారు. కానీ నోరు జారిన మాట, పట్టుకుని వేలాడక తప్పలేదు. కొండ మునుగుతుందని ఒప్పుకుంటే తర్వాతి ప్రశ్న ఎంత అని. దాని తర్వాతిది గుంజీలెందుకని. ఆంబ్రోస్‌కి పెద్ద బోటుంది, దాన్నిండా వలలున్నాయి. లియాండర్ గాలం తప్ప వల ముట్టడు. ఆంబ్రోస్ అక్కడ వల దించాడంటే ఒక్క వేసవిలో దిబ్బ బోడిగుండు అవుతుంది. అందుకని లియాండర్ ముప్పై ఏళ్ళపాటు 'మునిగింది' అన్న మాటే నోట రానివ్వలేదు. 'కొండ పడుకుంది' అనేవాడు. 'కొండ అటు తిరిగింది' అనేవాడు. పాఠశాల మాస్టారు నారింజపండు తెచ్చి భూమి ఇట్లా ఉంటుందంటే, పండు ఒలుచుకు తిని, "గింజలున్నాయి మాస్టారూ, మీ భూమికి" అన్నాడు. గుండ్రటి దానిమీద నీళ్ళెట్లా నిలుస్తాయో చూపించమని ఆంబ్రోస్ బట్టతల మీద టీ పొయ్యబోయాడు.

ఇలా ఉండగా ఒక శరత్కాలంలో బయటి ఊరినుంచి లైల్ అనే పెద్దమనిషి దిగాడు. అక్కడెక్కడో బల్లపరుపు భూమి సంఘమట, ఆయన దానికి పెద్ద. నిజంగా నమ్మేవాడో సరదాకి చేసేవాడో ఇప్పటికీ తేలలేదు. మనిషి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వే రకం, కళ్ళద్దాలకి దారం. మూల ఎక్కడని అడిగి కొండెక్కాడు, గాలికి టోపీ ఎగిరి సముద్రంలో పడితే, అంచు దాటి పోయిందని మురిసిపోయాడు. మూలలోనే పుట్టి మూలని నమ్మిన మనిషి ఉన్నాడని ఎవరో ఆయన చెవిన వేశారు. ఎవరో ఏమిటి, ఆంబ్రోసే.

"ఊరి హాల్లో విందు పెడదాం. వాదన పెడదాం. గుండ్రమని నేను, పరుపని మా లియాండర్. మీరే తీర్పరి," అన్నాడు ఆంబ్రోస్. పందెంలో గెలవడం ఆయనకి అక్కర్లేదు. నలుగురి మధ్య నిలబెట్టి గుంజీల సంగతి అడగాలి, అదీ పన్నాగం. లియాండర్‌కీ అర్థమైంది. రానంటే పిరికివాడంటారు, వస్తే పట్టేస్తారు.

"వద్దులేవే, నడుం నొప్పిగా ఉంది," అన్నాడు ఇంట్లో.

"ముప్పై ఏళ్ళుగా నా చెవులు చిల్లులు పడేట్టు వాగావు. ఇవాళ నడుమా?" అని హెస్టర్ ఆయనకి కోటు తొడిగి బొత్తాలు పెట్టింది. ఆవిడకి దిబ్బ ఎక్కడో తెలీదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మొగుడు నిజంగానే భూమి పరుపని నమ్ముతున్నాడనీ, ఏదో చిన్నప్పుడు తలకి దెబ్బ తగిలిందనీ సర్దుకుపోయింది.

హాలు కిటకిటలాడింది. ఉప్పు మాంసం, క్యాబేజీ, ముద్దగా ఉడికించిన బఠాణీ, అన్నీ అయ్యాక బేక్‌యాపిల్ జామ్, అంటే యాపిల్ కాదు, చిత్తడినేలలో కాసే నారింజరంగు బుడిపెల పండు. ఆ వాసనకి పక్క దీవి కుక్కలు ఈదుకుంటూ వచ్చాయంటే నమ్మండి. తిండయ్యాక ఆంబ్రోస్ లేచాడు. తల దూలానికి తగలకుండా వంచి, వేదిక మీదికెక్కాడు. ఎదురుగా కుర్చీలో లియాండర్. కాళ్ళు నేలకి అందడం లేదు.

"లియాండర్ బాబూ, ఒక్క మాట. మనం బోటేసుకుని దూరం పోతుంటే ముందు ఏం కనబడకుండా పోతుంది? కొండ కాళ్ళా, తలా?"

"కాళ్ళు."

"ఎందుకని?"

"పొగమంచుకి కాళ్ళంటే ఇష్టం. ముందు అవే తింటుంది."

హాలు గొల్లుమంది. లైల్ దొర చప్పట్లు కొట్టి, "అద్భుతమైన సిద్ధాంతం!" అన్నాడు.

"మంచు లేని రోజున?"

"మంచు లేని రోజు ఈ దీవిలో నువ్వెప్పుడు చూశావురా? నీ పెళ్ళినాడు కూడా మంచే. అందుకే ఆ పిల్ల ఒప్పుకుంది."

ఆంబ్రోస్ పెళ్ళాం అందరికంటే గట్టిగా నవ్వింది. ఆంబ్రోస్ నవ్వలేదు. మెల్లగా ముందుకు వంగాడు.

"సరే. భూమి పరుపు. కొండ మునగదు. కూచున్నా కనబడుతుంది, నిలబడ్డా కనబడుతుంది. అంతేగా?"

"అంతే."

"మరి బోట్లో లేచి కూచుని లేచి కూచుని ఎవరికి చూపిస్తున్నావురా నీ గుంజీలు?"

ఎప్పట్నించో పుకారుగా తిరుగుతున్నది మొదటిసారి ప్రశ్నై నిలబడింది. దండాలని ఒప్పుకుంటే ఫాదర్ ముందు వరసలోనే ఉన్నాడు. ఒళ్ళు విరుచుకుంటున్నానంటే ఆంబ్రోస్ వదలడు. తండ్రి ప్రాణం పోతూ చెవిలో చెప్పిన దిబ్బ, ఆ చల్లటి నీళ్ళలో తోకలాడించే చేపలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. లియాండర్ కుర్చీలోంచి జారి నేలమీద నిలబడ్డాడు.

"మొలలు," అన్నాడు.

"ఏంటీ?"

"మూలశంక! చెవుడా? చెక్క మీద అరగడియ కూచోలేను. మంట. లేస్తాను. కాళ్ళు పీకుతాయి. కూచుంటాను. ఇంకా ఏం చెప్పమంటావు, చూపించమంటావా?"

అప్పుడు లేచిన నవ్వుకి హాలు రేకులు రెండు లేచి మళ్ళీ కూచున్నాయి. భూమికి మూల ఉందన్న మనిషికి మూలశంక! లైల్ దొర కళ్ళద్దాలు తుడుచుకోవడమే మర్చిపోయాడు. గండం గడిచిందనుకున్నాడు లియాండర్. అంతలో వెనక వరసలోంచి నిలువెత్తున లేచింది హెస్టర్.

"అబద్ధం! ముప్పై ఏళ్ళనించీ ఆ మనిషి బట్టలుతుకుతున్నాను. ఆయనకే రోగమూ లేదు. నా తిండి తిన్నవాడికి మొలలొస్తాయా? ఎవరికైనా వచ్చాయా మా ఇంట్లో?"

ఆంబ్రోస్ మొహం వెలిగిపోయింది. "విన్నారా! పెళ్ళామే కాదంటోంది!"

లియాండర్ హెస్టర్ వంక చూశాడు. పీపాలోంచి లాగిన చెయ్యే ఇప్పుడు నెత్తిన పెట్టి తోస్తోంది. ఎవరో అరిచారు, "నర్సమ్మని అడగండి! ఆవిడకి తెలీదా!" జనమంతా ఒక్కసారి వినిఫ్రెడ్ నర్సు వైపు తిరిగారు. దీవిలో ఎవరి పళ్ళెన్నో, ఎవరి పుట్టుమచ్చ ఎక్కడో అన్నీ తెలిసిన మనిషి. లియాండర్ చిన్న జలుబుకి తప్ప ఆవిడ దగ్గరికి ఎప్పుడూ పోలేదు. ఇక అయిపోయిందని కళ్ళు మూసుకున్నాడు.

నర్సు జామ్ చెంచా కిందపెట్టి మూతి తుడుచుకుంది.

"నా దగ్గరికొచ్చినవాళ్ళ సంగతి నేను బయట మాట్లాడను. అడగొద్దు," అంది కచ్చితంగా. అందరి విషయంలోనూ ఆవిడ చెప్పే మాటే అది.

"ఓహో..." అని హాలంతా ఒకటే రాగం. చెప్పనందంటే ఉన్నట్టేగా! లేకపోతే లేదనేదిగా! ఫాదర్ కూడా జాలిగా తలూపాడు. ఆంబ్రోస్ ఏదో అరుస్తున్నాడు, వినేవాడు లేడు. ఎవరో దిండు తెచ్చి లియాండర్ కుర్చీలో వేశారు. అంత నొప్పిలోనూ సత్యం కోసం నిలబడ్డ వీరుడని లైల్ దొర ఆయన్నే గెలిపించాడు.

ఇంటికి పోతున్న దారంతా హెస్టర్ మాట్లాడలేదు. హెస్టర్ మాట్లాడకపోతే గాలి కూడా ఆగిపోతుంది మా దగ్గర. వాకిట్లోకొచ్చాక కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాకు చెప్పుకోలేని రోగమా? నర్సుకి చూపించి నాకు దాచావా? ఇన్నేళ్ళూ నేను నీకు ఎవర్నయ్యా?"

లియాండర్ ఆవిడ ఏడుపు అంతకుముందు చూడలేదు. ఆంబ్రోస్ ప్రశ్నకి తట్టుకున్నాడు గానీ దీనికి తట్టుకోలేకపోయాడు. తెల్లారి గాలి లేని రోజు, నీళ్ళు నూనెలా ఉన్నాయి. ఆవిడ్ని బోటెక్కించాడు. ఉత్తరంగా పోయి పోయి ఇంజను ఆపాడు.

"కూచో," అన్నాడు. "కొండ కనబడుతోందా?"

"ఆ. ఇంత నెత్తి కనబడుతోంది."

లియాండర్ బిత్తరపోయాడు. తనూ కూచుని చూశాడు. నీళ్ళు తప్ప ఏమీ లేదు. "కనబడకూడదే!"

"కనబడుతోందయ్యా, నీమీద ఒట్టు."

"నీ పొడుగే, నీ పొడుగు తగలెయ్య! కాస్త వంగు. ఇంకా. నా ఎత్తుకి రా. ఇప్పుడు?"

హెస్టర్ మెడ ముడుచుకుని, నడుం వంచి, బోటు అడుగుకి జారింది. కొండ నెత్తి నీళ్ళలోకి దిగింది. మళ్ళీ నెమ్మదిగా లేచింది. కొండ తేలింది. కూచుంది, మునిగింది. లేచింది, తేలింది. చిన్నపిల్లలా ఎన్నిసార్లు లేచి కూచుందో లెక్కలేదు. సముద్రం మధ్యలో ఉబ్బి ఉన్నట్టు, ఆ ఉబ్బు అవతల తన ఇల్లు, పొయ్యి, కోళ్ళు అన్నీ వంపు వెనక దాక్కున్నట్టు ఆవిడకి మొదటిసారి తెలిసింది.

"ఓరి నీ దుంపతెగ," అంది నీరసంగా. "అయితే భూమి గుండ్రమేనా?"

"గుండ్రం కాకపోతే మన పొయ్యి వెలిగేదా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చర్చిలో ప్రార్థన మధ్యలో కూడా పక్కావిడతో మాట్లాడతావు."

ఆ మాటకి కోపం రావాలి, కానీ ఆవిడకి నవ్వొచ్చింది. గాలం వేసింది. పడ్డ చేప పొడుగు చెప్తే మీరు నన్ను అబద్ధాలకోరంటారు, అందుకని సగమే చెప్తాను: ఆవిడంత.

ఆ మర్నాటి నించి హెస్టర్ పూర్తిగా ఫిరాయించింది. కొట్లో నిలబడి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పడం మొదలుపెట్టింది. "పాపం, నాకు బాధ కలుగుతుందని దాచుకున్నాడమ్మా. ఒక్కోటి బేక్‌యాపిల్ పండంత ఉంది. రంగు కూడా అదే." దాంతో ఆ ఏడాది దీవిలో ఎవరూ బేక్‌యాపిల్ జామ్ ముట్టలేదు. ఊరి ఆడవాళ్ళు మందులు మోసుకొచ్చారు. సీల్ కొవ్వు, బాతు కొవ్వు, ఫర్ చెట్టు బంక. ఎవరైనా చూస్తుండగా లియాండర్ వాటిని వాడినట్టు మొహం పెట్టాలి. చర్చిలో నిలబడే ప్రార్థన, పెళ్ళిళ్ళలో నిలబడే భోజనం. దిబ్బ ఖరీదు అది.

ఆంబ్రోస్ మాత్రం నమ్మలేదు. మనిషి మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు. ఆలోచించి ఆలోచించి సగం గుట్టు పట్టాడు. ఒకరోజు పెద్ద బోటు నిండా వలలేసుకుని ఉత్తరంగా పోయి, డెక్కు మీద కూచున్నాడు. కొండ కనబడింది. ఇంకా పోయాడు. కూచున్నాడు. ఇంకా కనబడింది. దూలానికి తల కొట్టుకునే మనిషి, అంత ఎత్తు డెక్కు మీద! కొండ మునిగేసరికి లియాండర్ దిబ్బ ఎక్కడో వెనకబడిపోయింది. అక్కడ దించిన వలల్లో బురద, రెండు ముళ్ళచేపలు, ఎవరిదో పాత టోపీ వచ్చాయి. రెండుసార్లు పోయాడు, మూడుసార్లు పోయాడు. ఆఖరికి కొట్లోకొచ్చి బల్ల గుద్దాడు.

"వాడు చెప్పిందే నిజం. కొండని తినేది మంచే, కూచున్నా నిలబడ్డా పడేది బురదే. భూమి బల్లపరుపే!"

అప్పట్నించీ మా దీవిలో పరుపు పక్షానికి పెద్ద ఆంబ్రోస్ ఫోలీ. లైల్ దొర సంఘానికి చందా కూడా కడుతున్నాడని వినికిడి. లియాండర్‌కి వాదన మీద ఆసక్తి తగ్గిపోయింది. కొట్లో ఆ ప్రస్తావన వస్తే, "పెద్దవాళ్ళు మీరే తేల్చుకోండి," అని తప్పుకుంటాడు. కాకపోతే ఒకటి. అప్పట్నించి ఆయన తన ఎత్తు ఎవర్నీ కొలవనివ్వడు. దర్జీ టేపు తీస్తే పారిపోతాడు. కూతురి పెళ్ళికి కోటు కూడా పాతదే వేసుకున్నాడు.

మొన్న చేపలు కోసే బల్ల దగ్గర కొట్లో పనిచేసే బ్రైడీ ఈ కథంతా పొల్లుపోకుండా ఆయనకి చెప్పి, "నిజమేనా బాబాయ్?" అని అడిగింది. లియాండర్ కత్తి ఆపకుండా పేగులు తీసి సముద్రపు గల్ పక్షులకి విసిరాడు.

"ఎవరు చెప్పారే నీకు? అంతా కట్టుకథ. నాకు దిబ్బా లేదు, గుట్టూ లేదు. వాదనకి నేను పోనేలేదు, ఆరోజు నడుం నొప్పి. హెస్టర్ ఏడవడమా? ఆవిడకి కన్నీళ్ళే లేవు, వాళ్ళమ్మని అడుగు. ఆంబ్రోస్‌తో నేను ముప్పై ఏళ్ళుగా మాట్లాడిందే లేదు."

"మరి ఆ బోట్లో లేచి కూచునేది?"

"అది నేను కాదు. మా అన్న అయ్యుంటాడు."

"నీకు అన్న లేడుగా బాబాయ్?"

లియాండర్ కత్తి తుడిచి ఆవిడ వంక జాలిగా చూశాడు.

"మరి చూశావా, ఎంత అబద్ధమో!"